దుబాయ్ మేనమామ గార్డెన్ రీచ్ ప్రయాణం

నాకు మేనమామ ఉద్యోగం వచ్చింది. నా పేరు సరళ. హైదరాబాదులో పదేళ్ళుగా లేడీస్ టైలర్‌ని. ఆధార్ కార్డులో ఆడ అని స్పష్టంగా అచ్చేసి ఉంది. ఆ అచ్చు కోసం నేను తిరిగిన ఆఫీసుల గురించి రాయాలంటే అదో పెద్ద యాత్రాగ్రంథం అవుతుంది. అలాంటి నాకు ఫిబ్రవరిలో ఓ మధ్యాహ్నం మా చెల్లి జ్యోతి కలకత్తా నుంచి వాయిస్ మెసేజ్ పెట్టింది. వాళ్ళ పాప మిష్టికి మూడో ఏడు నడుస్తోంది, చెవులు కుట్టించాలి. మనవాళ్ళలో చెవులు కుట్టేటప్పుడు పిల్లని మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి, దుద్దులు ఆయనే తేవాలి. జ్యోతికి తోబుట్టువుని నేనొక్కదాన్నే. కాబట్టి మేనమామ ఎవరయ్యా అంటే, నేనే.

"నాన్న ఒప్పుకున్నాడు. నువ్వు రావచ్చన్నాడు. కాకపోతే..." అంది జ్యోతి. ఆ కాకపోతే తర్వాత మెసేజ్ ఇంకా రెండు నిమిషాలుంది.

ప్యాంటు, చొక్కా వేసుకుని రావాలి. జుట్టు కనపడకూడదు. ముక్కుపుడక తీసెయ్యాలి. వేడుక నాన్న ఇంట్లోనే, అక్కడ వాళ్ళ అత్తగారు, ఆడపడుచు ఉంటారు కనక నేను లాడ్జిలో దిగాలి. పొద్దున్నే వచ్చి పని కానిచ్చి మధ్యాహ్నం రైలుకి వెళ్ళిపోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరడిగినా దుబాయ్ నుంచి వచ్చానని చెప్పాలి.

దుబాయ్ సంగతి చెప్పాలి. మా నాన్న సింహాచలం కలకత్తాలో గార్డెన్ రీచ్ డాక్‌లో ఖలాసీగా చేసి రిటైరయ్యాడు. శ్రీకాకుళం జిల్లా నుంచి డాక్ పనికి వచ్చి అక్కడే ఉండిపోయిన కుటుంబాల్లో మాదొకటి. నేను కొడుకుగా పుట్టాను, కొడుకుని కానని ఇరవై నాలుగో ఏట ఇంట్లో చెప్పాను. నాన్న గుమ్మం చూపించాడు. నేను హైదరాబాదు రైలెక్కితే ఆయన బస్తీలో అందరికీ కొడుకు దుబాయ్ వెళ్ళాడని చెప్పాడు. జ్యోతి పెళ్ళప్పుడు అత్తవారికీ అదే చెప్పారు. పన్నెండేళ్ళలో, నా ప్రమేయం ఏమీ లేకుండానే, నేను దుబాయ్‌లో హెల్పర్ నుంచి సూపర్‌వైజర్ దాకా ఎదిగాను.

వేషం వేసుకుని వెళ్ళడానికి సిగ్గు లేదా అని నా స్నేహితురాళ్ళు తిట్టారు. ఉంది. కానీ అమ్మని చూడాలనిపించింది. మా ఇల్లు చూడాలనిపించింది. ఇది సరిగ్గా చేస్తే మళ్ళీ పిలుస్తారు, ఎక్కడైనా బయటపడితే జ్యోతికి అత్తవారింట్లో తలవంపులు, నాకు ఆ గుమ్మం ఇక శాశ్వతంగా మూసుకుపోతుంది. పౌరుషాన్ని పక్కన పెట్టి టికెట్టు కొన్నాను.

చొక్కా కొందామని అమీర్‌పేట వెళ్ళాను. భుజాలు సరిపోతే నడుము గుడారంలా ఉంది, నడుము సరిపోతే భుజాలు పట్టలేదు. పైగా ఒక టైలర్ రెడీమేడ్ చొక్కా కొనడమేమిటని అహం అడ్డొచ్చింది. లేత నీలం గుడ్డ తెచ్చి నేనే కుట్టుకున్నాను. ఒక గ్రాము తూగే బంగారు దుద్దులు, పాపకి గౌను కొన్నాను. దుబాయ్ చాక్లెట్లు, దుబాయ్ సెంటు బేగంబజార్‌లో దొరికాయి.

శుక్రవారం పొద్దున పదింటికి సికింద్రాబాదులో షాలిమార్ వెళ్ళే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. స్లీపర్, కింది బెర్తు, ఏడొందల లోపే. దుబాయ్‌వాడు స్లీపర్‌లో దిగడం కథకి కాస్త దెబ్బే గానీ, దుద్దులు కొన్నాక పర్సు అంతకు మించి ఒప్పుకోలేదు. చుడీదార్‌లోనే ఎక్కాను. ఇరవై ఎనిమిది గంటల ప్రయాణం, అంతసేపు మగవాడిగా ఉండే ఓపిక నాకు లేదు. షాలిమార్‌లో డాక్ వాళ్ళో రైల్వే వాళ్ళో మన తెలుగువాళ్ళు ఎవరో ఒకరు తగులుతారు కనక, దానికి ముందు స్టేషన్ సంత్రాగాఛిలో బట్టలు మార్చుకుందామని ప్లాను.

ఖమ్మం దాటాక మా వాళ్ళు ముగ్గురు చప్పట్లు కొట్టుకుంటూ బోగీలోకి వచ్చారు. నన్ను చూడగానే ఒకామె నవ్వేసింది. పది రూపాయలు తీస్తే తీసుకోలేదు. నా పక్కన కూర్చుని ఎక్కడికని అడిగింది. పుట్టింటికి అన్నాను. ఆ మాటకి ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నేను విజిటింగ్ కార్డు తీసి ఇచ్చాను, జాకెట్లు కుట్టించుకోవాలంటే రమ్మన్నాను. రైల్లో అడుక్కునేవాళ్ళ దగ్గర కూడా గిరాకీ వెతుక్కున్న ఘనత నాది. ఆమె కార్డు జాగ్రత్తగా జాకెట్లో పెట్టుకుని, లైనింగ్‌తో ఎంత తీసుకుంటావని బేరం మొదలెట్టింది.

నాలుగింటికి విజయవాడలో పులిహోర కొన్నాను. వెళ్ళేవాళ్ళకి చెప్తున్నాను, అక్కడ తినడానికి దొరికింది కొనేసుకోండి, తర్వాత పాంట్రీ వాడి దయ. రాజమండ్రిలో చీకటి పడే వేళకి ఒక పెద్దాయన ఎక్కి నా ఎదుటి బెర్తులో కూర్చున్నాడు. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో ఉన్న కూతురి దగ్గరికి పోతున్నాడు. సంచీలోంచి చేగోడీల డబ్బా తీసి, తిను అమ్మాయ్, తిను అని చేతిలో పోశాడు. ఒక్కదానివే వెళ్తున్నావా, సామాను బెర్తు కింద గొలుసేసి పెట్టుకో అని జాగ్రత్తలు చెప్పాడు. నేను బుద్ధిగా గొలుసు వేశాను.

తెల్లారి భువనేశ్వర్‌లో టీ. పదకొండుకి ఖరగ్‌పూర్‌లో ఝాల్‌మురీ, అంటే మన మరమరాల మసాలాయే గానీ పచ్చి ఆవనూనె వేస్తారు, మొదటి ముద్దకి ముక్కులోంచి నీళ్ళొస్తాయి. పన్నెండేళ్ళ తర్వాత తిన్నాను. నీళ్ళు ఆవనూనె వల్లే వచ్చాయని పెద్దాయనకి చెప్పాను.

ఒంటిగంటకి రైలు సంత్రాగాఛి బయట ఆగింది. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, అక్కడ సిగ్నల్ ఇవ్వడానికి తీరుబడిగా ఇస్తారు. చిన్న సంచీ తీసుకుని బాత్రూంలోకి వెళ్ళాను. జడని చుట్టి పిన్నులు గుచ్చి టోపీలో కుక్కాను. ముక్కుపుడక తీసి పర్సులో వేశాను. చొక్కా, ప్యాంటు వేసుకుని అద్దంలో చూస్తే, మగవాడిలానూ లేను, నాలానూ లేను, కొత్తగా డ్యూటీలో చేరిన కొరియర్ మనిషిలా ఉన్నాను. సరేలే అని బయటికొచ్చి నా బెర్తు కింద గొలుసు విప్పబోయాను.

పెద్దాయన నా చెయ్యి పట్టుకున్నాడు. "బాబూ, అది ఒకమ్మాయి సామాను. ముట్టుకోకు" అన్నాడు.

నేనేనండీ ఆ అమ్మాయిని అంటే ఎంత కథ చెప్పాలి? ఆవిడ నాకు అక్క అవుతుంది, దింపడానికి వచ్చానన్నాను. నడుస్తున్న రైల్లోకి ఎలా వచ్చావన్నాడు. రైలు ఆగి ఉంది కదండీ అన్నాను. అయితే మీ అక్కనే రమ్మను, అప్పుడు ఇస్తానని బెర్తుకి అడ్డంగా కాళ్ళు చాపి కూర్చున్నాడు. నా పెట్టె నాకే దక్కకుండా పోతోంది. చివరికి మళ్ళీ బాత్రూంలోకి వెళ్ళి, చొక్కా మీదే చుడీదార్ తొడిగి, టోపీ తీసి వచ్చి సామాను తీసుకున్నాను. ఎవడో నీ పెట్టె మీద కన్నేశాడమ్మా, నేను పోనిచ్చానా అన్నాడు గర్వంగా. దండం పెట్టాను. ఈ ప్రయాణం మొత్తంలో నన్ను మగవాడని నమ్మినవాడు ఆయనొక్కడే. ఆయనకి వచ్చేనెల శుక్లాల ఆపరేషన్ ఉంది.

ఆయన సంత్రాగాఛిలో దిగాక చుడీదార్ విప్పేసి, జుట్టు మళ్ళీ టోపీలో కుక్కాను. రెండింటికి షాలిమార్. ఆఖరి స్టేషన్, దిగడానికి తొందరేం లేదు. హౌరాలా బస్సులు బారులు తీరి ఉండవు, ఎక్కువ భాగం గూడ్సు యార్డే. గార్డెన్ రీచ్ వైపు వెళ్ళేవాళ్ళు టాక్సీ జోలికి పోకుండా బ్యాటరీ రిక్షా, అంటే అక్కడి టోటో, ఎక్కి బొటానికల్ గార్డెన్ పక్క రేవుకి వెళ్ళండి. అక్కణ్ణించి లాంచీ మీద గంగ దాటితే మెటియాబ్రుజ్. కూలీనాలీ జనం, సైకిళ్ళు, బట్టల మూటలు, అందరూ లాంచీలోనే. టోటో అతను టోపీకేసి ఒకసారి, చొక్కాకేసి ఒకసారి చూసి, దాదా అనాలో దిదీ అనాలో తేల్చుకోలేక ఊరికే ఎక్కమని చెయ్యి ఊపాడు.

మెటియాబ్రుజ్ నుంచి ఖిదిర్‌పూర్‌కి షేర్ ఆటో. అది మా వీధి మొదట్లోంచే పోతుంది. మా వీధి వస్తుందని నాకు తెలుసు, అయినా అటు చూడకూడదనుకున్నాను. చూశాను. కుళాయి దగ్గర బిందెలు, పైన తీగల మీద బట్టలు, మా రెండో అంతస్తు కిటికీకి కొత్త పచ్చరంగు. ఆటో ఆగలేదు, నేను ఆపమనలేదు.

లాడ్జి రోజుకి ఏడొందలు, నీళ్ళు బాగానే వస్తాయి. గుమాస్తా ఆధార్‌లో ఆడ అని చదివి, చొక్కా చూసి, మళ్ళీ ఆధార్ చదివి, రిజిస్టర్లో ఆ గడి ఖాళీగా వదిలేశాడు. తెలివైనవాడు.

సాయంత్రం ఐదున్నరకి తలుపు చప్పుడైంది. అమ్మ. జ్యోతి చెప్పిందట. నాన్నతో బజారుకని చెప్పి వచ్చింది. ఒక చేతిలో చేపల పులుసు గిన్నె, ఇంకో చేతిలో కవరు. గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. అప్పటికి నేను చుడీదార్‌లోకి మారిపోయాను. పన్నెండేళ్ళు ఫోన్లో గొంతు మాత్రమే విన్న మనిషి, ఇంత పొట్టిగా అయిపోయిందేమిటనుకున్నాను. ఏం మాట్లాడుతుందోనని భయపడ్డాను. ఆవిడ లోపలికొచ్చి, గిన్నె బల్ల మీద పెట్టి, కవరు నా చేతికిచ్చింది. అందులో మూడు జాకెట్లున్నాయి.

"ఇక్కడోళ్ళు సంకల కాడ బిగించీసినారు. కొంచెం వదులు సెయ్యి" అంది.

అంతవరకు ఏడవకుండా ఉన్నదాన్ని, జాకెట్లు పట్టుకుని ఏడ్చాను. అమ్మ కూడా ఏడ్చింది. ఏడుస్తూనే, ఎడమ చంక మరీ బిగుతని చూపించింది. 

అమ్మ కళ్ళు తుడుచుకుని గోడకి తగిలించిన నీలం చొక్కా కేసి నడిచింది. మా అమ్మ ముప్పై ఏళ్ళు ఇంట్లో కూర్చుని మెటియాబ్రుజ్ దుకాణాల చొక్కాలకి గుండీలు కుట్టింది. నాకు సూది పట్టడం నేర్పింది ఆవిడే. చొక్కా అంచు వేళ్ళతో తడిమి, ఓలమ్మో అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"గుండీలు ఆడోళ్ళ వైపేసినావేటే?"

చూశాను. నిజమే. మగ చొక్కాకి గుండీలు కుడివైపుండాలి. పదేళ్ళుగా ఆడవాళ్ళకే కుడుతున్న చేతులు, ఎడమవైపు కుట్టేశాయి. అక్కడితో ఆగలేదు, నడుము దగ్గర టక్కులు కూడా పట్టాను. మేనమామ వేషానికని కుట్టుకున్నది చక్కని లేడీస్ షర్టు. అమ్మ మంచం మీద కూర్చుని నవ్వడం మొదలెట్టింది. గుండీలు మార్చేస్తానమ్మా అంటే, కాజాలు ఎలా మారుస్తావే అంది. ఆ నవ్వు ఆగేసరికి ఆరున్నర. వెళ్తూ గుమ్మం దగ్గర, రేపు మీ నాన్న ముందు తిన్నగా ఉండు, ఎదురు చెప్పకు, ఆయన సరేనంటే ఇంక నేనెవరికీ భయపడను అంది. టోపీ బాగా కిందికి లాక్కోమని కూడా చెప్పింది.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి మా గుమ్మం ఎక్కాను. గొంతు బొంగురు చేసి పలకరింపులు మొదలెట్టాను, రెండో మాటకే దగ్గొచ్చింది. నాన్న కుర్చీలో టీవీ చూస్తున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. కాళ్ళ నుంచి టోపీ దాకా చూసి, "వచ్చినావా" అన్నాడు. మళ్ళీ టీవీలోకి తిరిగాడు. వచ్చాను నాన్నా అన్నాను. అంతే మా మాటలు.

జ్యోతి అత్తగారు రైల్వే క్వార్టర్స్ మనిషి, ప్రశ్నలడగడంలో టికెట్ కలెక్టర్‌కి ఏమీ తీసిపోదు. చాప మీద పక్కన కూర్చోబెట్టుకుని దుబాయ్ గురించి అడిగింది. ఎండ ఎక్కువ అన్నాను. ఎంత ఎక్కువ అంది. చాలా అన్నాను. మరి తెల్లగానే ఉన్నావే అంది. లోపలి పని అన్నాను. జీతం దగ్గరికి వచ్చేసరికి జ్యోతి చాక్లెట్ల డబ్బా తెచ్చి మధ్యలో పెట్టింది. ఆవిడ కూతురు, అంటే జ్యోతి ఆడపడుచు, డబ్బా వెనక చిన్న అక్షరాలు చదువుతుంటే నాకు ముచ్చెమటలు పోశాయి. టోపీలో జుట్టు అప్పటికే ఉడికిపోతోంది.

తొమ్మిదింటికి కంసాలి వచ్చాడు. ముసలి బెంగాలీ ఆయన, బంగారు తీగ, చిన్న పట్టుకారు, పసుపు ముద్ద. నేను తూర్పుమొహంగా కూర్చున్నాను. మిష్టిని నా ఒళ్ళో పెట్టారు. ఎర్ర గౌను, నూనె రాసిన జుట్టు. పిల్ల నాకేసి తలెత్తి చూసి, నా గుండీ పట్టుకుని లాగింది. నా చెల్లెలి కూతురు. మొదటిసారి ఎత్తుకున్నాను. వేషం సంగతి, అత్తగారి సంగతి అన్నీ మర్చిపోయాను.

కంసాలి తీగ వేడిచేసి తుడిచి, నా వైపు తిరిగి బెంగాలీలో చెప్పాడు. "దిదీ, పాప తల గట్టిగా పట్టుకోండి."

జ్యోతి నవ్వబోయి, పెద్దాయనకి చూపు ఆనదు అంది. అత్తగారు ముందుకి వంగింది. మేనమామ గదా, దిదీ అంటన్నాడేటి అంది. నేను బొంగురు గొంతుతో ఏదో అనబోతే దగ్గొచ్చింది, దగ్గుకి టోపీ కదిలింది, టోపీలోంచి ఒక పాయ చెంప మీదికి జారింది. దాన్ని లోపలికి దోపుకుంటుంటే అందరూ చూశారు. పదేళ్ళ అలవాటు, దోపుకోవడం కూడా చెవి వెనక్కే దోపుకున్నాను.

నాన్న టీవీ ఆపేశాడు. లేచి వచ్చి, పిల్ల కోసం చేతులు చాపి నా ముందు నిలబడ్డాడు.

"గుంటను ఇలగియ్యి."

జ్యోతి ఏదో అనబోయింది. ఆయన ఆమెకేసి చూడలేదు. నాకేసీ చూడలేదు. అత్తగారికేసి చూసి చెప్పాడు.

"ఆడది మేనమామ అవ్వదు. తప్పుగా సేత్తే గుంటకి మంచిది కాదు. మేనమామ లేనప్పుడు తాత కూకోవచ్చు. నాను కూకుంతాను."

మా నాన్నకి ఆచారం అంటే ఆచారమే. ముహూర్తం ఐదు నిమిషాలు దాటితే డాక్ షిఫ్టుకి కూడా వెళ్ళని మనిషి. ఇప్పుడు తాపీగా చదువుతున్న మీకు ఆయన ఏమన్నాడో తెలిసిపోయి ఉంటుంది. నాకు తెలీలేదు. నా చెవికి ఎక్కింది అవ్వదు అన్న ఒక్క ముక్కే. అంత దూరం వచ్చి, జడ టోపీలో కుక్కుకుని, గొంతు చెడగొట్టుకుని కూర్చుంటే, పదిమందిలో చాప మీంచి లేపేశాడనుకున్నాను. ఇచ్చిన ఒక్క పనీ చెడగొట్టాను, ఇక ఈ ఇల్లు నాకు లేదనుకున్నాను. దుద్దుల పొట్లం చాప మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

వంటింట్లో టోపీ తీసి విసిరికొట్టాను. అమ్మ దాన్ని తీసి మేకుకి తగిలించి, నా ముందు వంకాయల పళ్ళెం, కత్తిపీట పెట్టింది. కోస్తూ ఏడ్చాను. ఉల్లిపాయలైనా పెట్టలేదు, కనీసం సాకైనా ఉండేదని మళ్ళీ ఏడ్చాను. ముందుగదిలో మిష్టి ఒక చెవికి కెవ్వుమంది, రెండో చెవికి ఇల్లెగిరిపోయేలా కెవ్వుమంది. జ్యోతి పిల్లని తెచ్చి నా ఒళ్ళో పడేసింది. పెద్దమ్మ దగ్గర కూచో, నాకు బయట పనుంది అని వెళ్ళిపోయింది. ఆ పిల్ల నా జడ పిన్నులు ఒక్కొక్కటే పీకుతూ ఏడుపు మానింది. నేను కూడా మానాను.

బయట అంతా సవ్యంగా జరిగిపోయిందని చెప్పను. ఆడపడుచు ఏదో పనుందని భోంచెయ్యకుండా వెళ్ళిపోయింది. జ్యోతి మొగుడు రమేష్ ఫోన్లోంచి తల ఎత్తలేదు. అత్తగారు మాత్రం కూర్చుంది. చేపల కూర రెండుసార్లు వేయించుకుంది, ఆ చాక్లెట్లు ఎక్కడివని నన్నడిగింది. బేగంబజార్‌వి అన్నాను. బాగున్నాయి అంది. ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం అని జ్యోతితో అనడం కూడా విన్నాను. ఆ మాటలు ఏమయ్యాయో జ్యోతి నాకింకా పూర్తిగా చెప్పలేదు.

ఇక దాచేదేముందని భోజనానికి ముందే చుడీదార్ వేసుకుని, ముక్కుపుడక పెట్టుకుని వచ్చాను. నాన్న తలెత్తి చూశాడు. పప్పు ఇటియ్యి అన్నాడు. గిన్నె ఇచ్చాను.

రైలు రెండూ యాభైకి. ఒంటిగంటకి పెట్టె అందుకోబోతే నాన్న అప్పటికే పట్టుకుని మెట్లు దిగుతున్నాడు. వద్దు నాన్నా, నేను వెళ్తానంటే వినిపించుకోలేదు. వీధి చివర పసుపు టాక్సీ బేరమాడి రెండొందల యాభైకి ఒప్పించాడు. రెండో హుగ్లీ వంతెన మీద గాలి బాగా కొడుతోంది. ఒకపక్క నది, పడవలు, ఎంతో అందంగా ఉందని రాయాలి గానీ నేను చూడలేదు. ఆయన మొహం చూస్తూ కూర్చున్నాను. గుమ్మం దాటించడమే కాదు, ఊరు దాటే దాకా దగ్గరుండి పంపిస్తున్నాడనుకున్నాను. నా బుర్ర అలా పనిచేస్తుంది. వంతెన దిగాక ఆయన ఒక ప్రశ్న అడిగాడు.

"మిషను కరెంటుదా, తొక్కుడుదా?"

కరెంటుదే నాన్నా అన్నాను. ఊఁ అన్నాడు.

షాలిమార్‌లో రైలు ముందే పెట్టి ఉంది. నాన్న నాకన్నా ముందు ఎక్కి బెర్తు నంబరు వెతికాడు. పెట్టె కింద తోసి, గొలుసు వేసి, తాళం రెండుసార్లు లాగి చూశాడు. కిటికీ షట్టర్ పడుతోందో లేదో చూశాడు. నీళ్ళ సీసా నిండా ఉందో లేదో చూశాడు. ఇక వెళ్తాడనుకున్నాను. ఆయన ఎదుటి బెర్తు కేసి తిరిగాడు. అక్కడ యాభై దాటిన ఒకావిడ ఒత్తులు చేసుకుంటూ కూర్చుంది. తెలుగువాళ్ళేనా, ఎక్కడిదాకా అని అడిగాడు. తుని అందావిడ.

"మా పెద్దమ్మాయి. హైదరాబాదు ఎల్తంది, ఒక్కర్తే. కొంచెం సూసుకోండమ్మా" అన్నాడు మా నాన్న.

ఆవిడ నాకేసి చూసింది. ఒకటికి రెండుసార్లు చూసింది, ఆ చూపు నాకు కొత్త కాదు. నాన్న అక్కణ్ణించి కదల్లేదు. జవాబు కోసం నిలబడ్డాడు. చేతులు కట్టుకుని, ఒక ఆఫీసర్ ముందు నిలబడినట్టు నిలబడ్డాడు. అలాగేనండీ, మా పిల్లలాంటిదే, మీరు నిశ్చింతగా వెళ్ళండి అందావిడ. అప్పుడు దిగాడు. కిటికీ దగ్గరికి వచ్చి నిలబడి, రైలు కదిలేదాకా ఇంజను వైపే చూస్తూ ఉన్నాడు. నేను ఏడుస్తున్నానని ఆయనకి తెలుసు. రైలు కదిలాక చెయ్యి కిటికీ కమ్మీ మీద ఒకసారి పెట్టి తీశాడు.

కలకత్తా వెళ్ళి ఏం చూశావని హైదరాబాదులో అందరూ అడుగుతారు. హౌరా వంతెన చూడలేదు, కాళీఘాట్ వెళ్ళలేదు, రసగుల్లా కూడా తినలేదు. ఒక లాడ్జి, ఒక వంటిల్లు, రెండు కిటికీలు. ఈ యాత్ర నుంచి పాఠకులు తెలుసుకోవలసినది ఏమైనా ఉంటే, వెళ్ళండి. చొక్కా బాగా కుట్టుకోకపోయినా వెళ్ళండి. నాకైతే మేనమామ ఉద్యోగం ఒక్క పూట కూడా నిలబడలేదు. ఆ ఉద్యోగం పోయినందుకు ఇంత సంతోషించిన మనిషి ఇంకొకరు ఉండరు.

నాలుగున్నరకి ఖరగ్‌పూర్ వచ్చింది. పన్నెండేళ్ళుగా దేశమంతా ఒంటరిగా తిరిగినదాన్ని. పోలీసు స్టేషన్లలో కూర్చున్నదాన్ని, ఫుట్‌పాత్ మీద పడుకున్నదాన్ని. టీ కోసం ప్లాట్‌ఫాం మీదికి దిగబోతే తునావిడ నా చున్నీ పట్టుకుంది.

"దిగకమ్మా. రైలు కదిలిపోతుంది. మీ నాన్నగారికి మాటిచ్చాను."

దిగలేదు. ఆవిడే కిటికీలోంచి రెండు టీలు చెప్పింది. నేను బుద్ధిగా కూర్చున్నాను.